ఎలక్ట్రిక్ కారులో లాంగ్ ట్రిప్: పబ్లిక్ ఛార్జర్ల దగ్గర చిక్కుకోకుండా వెళ్లి రావడం ఎలా?

"కారు రేంజ్ 450 కిలోమీటర్లు, నేను వెళ్లాల్సింది 400. మధ్యలో ఆగక్కర్లేదు కదా?" "మ్యాప్‌లో దారి పొడవునా ఛార్జర్లు కనిపిస్తున్నాయి, ఇంకా ప్లానింగ్ ఎందుకు?" ఈ రెండు ప్రశ్నలూ మళ్లీ మళ్లీ వస్తున్నాయి. నా జవాబు రెండింటికీ ఒకటే. లాంగ్ ట్రిప్‌లో ఇబ్బంది పెట్టేది ఎక్కువగా ఛార్జరే, బ్యాటరీ కాదు. మ్యాప్‌లో ఉన్నది పని చేయకపోవచ్చు. పని చేస్తున్నది ఖాళీగా లేకపోవచ్చు. ఖాళీగా ఉన్నది మీ యాప్‌కి పలకకపోవచ్చు.

అందుకే ఒక్క నియమం గట్టిగా పట్టుకోండి: ఏ ఛార్జర్ దగ్గరికి చేరినా, అది పని చేయకపోతే తర్వాతి దానికి వెళ్లేంత ఛార్జ్ కారులో మిగిలి ఉండాలి. కింద ఉన్న లెక్కలన్నీ దీనికోసమే.

1. ముందు మీ కారు సంగతి తెలుసుకోండి

ఓనర్స్ మాన్యువల్ తీసి ఈ వివరాలు ఫోన్‌లో రాసి పెట్టుకోండి:

☐ వాడుకోగల బ్యాటరీ ఎన్ని యూనిట్లు. చాలా కార్లలో ఇది మొత్తం సామర్థ్యం కంటే కాస్త తక్కువే ఉంటుంది
☐ డీసీ ఫాస్ట్ ఛార్జింగ్‌లో గరిష్ఠంగా ఎన్ని కిలోవాట్లు తీసుకుంటుంది
☐ ఏసీలో, అంటే ఇంటి కరెంటు తరహా నెమ్మది ఛార్జింగ్‌లో, ఎన్ని కిలోవాట్లు తీసుకుంటుంది
☐ సాకెట్ ఏ రకం, కారుకి ఏ వైపు ఉంది
☐ బ్యాటరీ 400 వోల్టుల తరగతా, 800 వోల్టుల తరగతా

కిలోవాట్ అంటే కరెంటు ఎంత జోరుగా ఎక్కుతోందో చెప్పే లెక్క. యూనిట్, అంటే కిలోవాట్-అవర్, ఎంత ఎక్కిందో చెప్పే లెక్క. 50 కిలోవాట్ల ఛార్జర్ అరగంట పూర్తి జోరుతో ఇస్తే 25 యూనిట్లు ఎక్కుతాయి.

ఏసీ ఛార్జర్ మీద 22 కిలోవాట్లు అని రాసి ఉన్నా, కారులోని ఆన్‌బోర్డ్ ఛార్జర్ 7 కిలోవాట్లదైతే మీకు వచ్చేది 7 మాత్రమే. 40 యూనిట్లు ఎక్కడానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. రాత్రి బస చేసే చోట ఏసీ చక్కగా పనికొస్తుంది, దారి మధ్యలో మాత్రం దాన్ని నమ్ముకోవద్దు.

వోల్టేజ్ సంగతి చాలామంది పట్టించుకోరు. 50 కిలోవాట్ల బోర్డు ఉన్న ఛార్జర్లలో చాలావాటికి 125 ఆంపియర్ల పరిమితి ఉంటుంది. మీ బ్యాటరీ ఆ సమయంలో 350 వోల్టుల దగ్గర ఉంటే 350 × 125, అంటే 44 కిలోవాట్ల లోపే వస్తుంది. ఛార్జర్‌లో లోపమేమీ లేదు, దాని లెక్కే అంత. 800 వోల్టుల కారున్నవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. కొన్ని పాత ఛార్జర్లు 500 వోల్టులకు మించి ఇవ్వలేవు. అలాంటి చోట మీ కారు బాగా నెమ్మదిగా ఎక్కుతుందో, అసలు ఎక్కదో మాన్యువల్‌లో ముందే చూసి పెట్టుకోండి.

సాకెట్ రకం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. యూరప్, భారత్‌లలో సీసీఎస్2, ఉత్తర అమెరికాలో సీసీఎస్1, ఎన్‌ఏసీఎస్, చైనాలో జీబీ/టీ, జపాన్‌లో చాడెమో ఎక్కువ. అద్దె కారు తీసుకుంటే తాళం చేతికి రాగానే సాకెట్ మూత తెరిచి చూడండి.

2. హైవే మీద వచ్చే రేంజ్ లెక్క వేయండి

బ్రోచర్‌లో రాసే రేంజ్ ల్యాబ్ పరీక్షలో తేలిన అంకె. డబ్ల్యూఎల్‌టీపీ అనే రేంజ్ పరీక్షలో సగటు వేగం గంటకు సుమారు 46 కిలోమీటర్లే. హైవే మీద గాలి నిరోధం వేగం వర్గాన్ని (స్క్వేర్) బట్టి పెరుగుతుంది. 90 మీద వెళ్లే కారు 120కి పెంచితే గాలిని చీల్చుకుంటూ వెళ్లడానికి కిలోమీటరుకి అయ్యే ఖర్చు దాదాపు 1.8 రెట్లవుతుంది.

కాబట్టి ట్రిప్‌కి ముందు ఒకసారి హైవే ఎక్కి, మీరు మామూలుగా వెళ్లే వేగంలోనే కనీసం గంటసేపు నడిపి, 100 కిలోమీటర్లకు ఎన్ని యూనిట్లు అయ్యాయో డ్యాష్‌బోర్డులో చూడండి. లెక్కకి మూలం ఆ అంకే.

ఉదాహరణకి 60 యూనిట్ల బ్యాటరీ, 100 కిలోమీటర్లకు 18 యూనిట్ల ఖర్చు అనుకుందాం:

- మొదటి విడత, 100 శాతం నుంచి 15 శాతం దాకా: 51 యూనిట్లు, సుమారు 280 కిలోమీటర్లు
- తర్వాతి విడతలు, 80 శాతం నుంచి 15 శాతం దాకా: 39 యూనిట్లు, సుమారు 215 కిలోమీటర్లు

ఎదురుగాలి, వాన, గడ్డకట్టే చలి ఉంటే ఇందులోంచి ఇంకా తగ్గించండి. క్యాబిన్ హీటర్ బాగా వాడే చలిరోజుల్లో పావు వంతు రేంజ్ పోయినా ఆశ్చర్యం లేదు. ఘాట్ రోడ్డు ఉంటే దూరం కంటే ఎత్తు ముఖ్యం. రెండు టన్నుల కారు 1000 మీటర్లు ఎక్కడానికి మామూలు ఖర్చు మీద ఇంకో 6 యూనిట్ల దాకా అవుతుంది. దిగేటప్పుడు కొంత తిరిగి వస్తుంది గానీ, ఎక్కేటప్పుడు ఆ భరోసా అక్కరకు రాదు.

3. స్టాప్‌లు ఎంచుకోండి, ప్రతిదానికీ ఒక తోడు పెట్టండి

ఎ బెటర్ రూట్ ప్లానర్ లాంటి యాప్‌లో కారు మోడల్, మీ ఖర్చు అంకె పెడితే స్టాప్‌లు అదే వేసి ఇస్తుంది. దాన్ని చిత్తుప్రతిగానే తీసుకోండి. వేగంగా చేర్చడం దాని పని, స్టేషన్ మూతపడితే ఏమిటన్నది మీరు చూసుకోవాలి.

యాప్ చూపించిన ప్రతి స్టేషన్‌నీ ఇలా జల్లెడ పట్టండి:

☐ మీ కారుకి సరిపడే గన్‌లు (కేబుల్ చివర, కారు సాకెట్‌లో పెట్టే పిడి) కనీసం రెండు ఉన్నాయా
☐ గత వారం పది రోజుల్లో ఎవరైనా విజయవంతంగా ఛార్జ్ చేసినట్టు ప్లగ్‌షేర్ లాంటి యాప్‌లో చెక్-ఇన్, అంటే వెళ్లినవాళ్లు పెట్టే నోట్, ఉందా
☐ మీరు చేరే టైమ్‌కి గేటు తెరిచి ఉంటుందా. షోరూమ్‌లు, ఆఫీసులు, మాల్‌ల ఆవరణలో ఉన్న ఛార్జర్లు రాత్రి గొలుసు వెనక ఉండిపోతాయి
☐ పక్కన మరుగుదొడ్డి, వెలుతురు, మనుషుల అలికిడి ఉన్నాయా
☐ ఇంకో కంపెనీ స్టేషన్ దగ్గరలో ఉందా

రేటింగ్ నక్షత్రాల కంటే చివరి చెక్-ఇన్ తేదీకే నేను విలువ ఇస్తాను. రెండేళ్ల కిందటి మంచి మాటలు ఇవాళ్టి ఛార్జర్ గురించి ఏమీ చెప్పవు. కామెంట్లలో "రెండో గన్ పని చేయడం లేదు" లాంటి ముక్కలు దొరుకుతాయి. అక్కడికి చేరాక అవే మీ పది నిమిషాలు కాపాడతాయి.

ఇప్పుడు అసలు పని. ప్రతి స్టాప్‌కీ పక్కన ఒక ప్రత్యామ్నాయం రాయండి, వీలైతే వేరే కంపెనీది. ఒక కంపెనీ సర్వర్ పడిపోతే దాని స్టేషన్లన్నీ ఒకేసారి మొరాయించవచ్చు. రెండిటి మధ్య దూరాన్ని బట్టి, మొదటి స్టేషన్‌కి ఎంత ఛార్జ్‌తో చేరాలో లెక్క వేయండి.

పై ఉదాహరణలోని కారుకి ప్రత్యామ్నాయం 30 కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి. దానికి 5.4 యూనిట్లు, అంటే 9 శాతం కావాలి. పైన ఇంకో 6 శాతం చేతిలో పెట్టుకుంటే, మొదటి స్టేషన్‌కి 15 శాతంతో చేరాలి. ప్రత్యామ్నాయం 70 కిలోమీటర్ల అవతల ఉంటే ఆ అంకె 27 శాతం అవుతుంది. ఎనిమిది పది గన్‌లున్న పెద్ద స్టేషన్ అయితే 10 శాతంతో చేరినా నాకు అభ్యంతరం లేదు. ఒకే గన్ ఉన్న చోటికి మాత్రం అలా వెళ్లొద్దు.

4. యాప్‌లు, చెల్లింపులు ఇంట్లోనే పూర్తి చేయండి

ఎండలో స్టేషన్ ముందు నిలబడి, సగం సిగ్నల్ మీద కొత్త యాప్ డౌన్‌లోడ్ చేసి, ఓటీపీ కోసం ఎదురుచూడటం కంటే పెద్ద టెన్షన్ ఈ ప్రయాణంలో ఇంకోటి లేదు. దీన్ని పూర్తిగా తప్పించుకోవచ్చు.

☐ దారిలోని స్టాప్‌లు, ప్రత్యామ్నాయాలు ఏయే కంపెనీలవో చూసి వాటి యాప్‌లన్నీ పెట్టుకోండి
☐ ప్రతిదానిలో లాగిన్ అయి, కారు వివరాలు, కార్డు నమోదు చేయండి
☐ వాలెట్ ఉంటే కనీస మొత్తం వేసి ఉంచండి. నిల్వ తక్కువైతే సెషన్ మొదలవ్వదు, లేదా మధ్యలో ఆగుతుంది
☐ ఛార్జర్‌కి తాకించి సెషన్ మొదలుపెట్టే ఆర్ఎఫ్ఐడీ కార్డు దొరికితే తెప్పించుకోండి. ఫోన్‌లో సిగ్నల్ లేనప్పుడు చాలా స్టేషన్లలో అదే ఆదుకుంటుంది
☐ హెల్ప్‌లైన్ నంబర్లు కాంటాక్ట్స్‌లో సేవ్ చేయండి
☐ తోడు వచ్చేవాళ్ల ఫోన్‌లో కూడా ఒకట్రెండు యాప్‌లు వేయండి, వేరే నెట్‌వర్క్ సిమ్ అయితే మరీ మంచిది

ఐఎస్ఓ 15118 ప్రమాణంతో ప్లగ్ అండ్ ఛార్జ్ ఉన్న కార్లలో గన్ పెట్టగానే బిల్లు ఖాతాకి వెళ్లిపోతుంది. కారు, ఛార్జర్, ఒప్పందం మూడూ కలిస్తేనే ఇది పని చేస్తుంది కనుక యాప్‌లు ఎలాగూ ఉండాల్సిందే. ధర యూనిట్‌కా, నిమిషానికా, ఛార్జ్ అయ్యాక నిలిపి ఉంచితే ఐడిల్ ఫీజు ఉందా అన్నవి కూడా ముందే చూడండి. నిమిషాల లెక్కన వసూలు చేసే చోట నెమ్మదిగా ఎక్కే కారుకి బిల్లు బాగా పెరుగుతుంది.

5. బయలుదేరే ముందు రాత్రి

100 శాతం నింపండి. నిక్కెల్ ఆధారిత బ్యాటరీ అయితే బయలుదేరే సమయానికి పూర్తయ్యేలా టైమర్ పెట్టండి, నిండుగా ఎక్కువ సేపు ఉంచడం దానికి మంచిది కాదు. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ అయితే అప్పుడప్పుడు 100 దాకా నింపితేనే డ్యాష్‌బోర్డులో శాతం సరిగ్గా చూపిస్తుంది, ట్రిప్‌కి ముందు రోజు అది తప్పనిసరి.

టైర్లలో గాలి చూడండి. కారు ఇంకా ప్లగ్‌లో ఉండగానే ఏసీ లేదా హీటర్ ఆన్ చేసి క్యాబిన్ సిద్ధం చేసుకోండి. ఒక హెచ్చరిక: నిండు బ్యాటరీతో బయలుదేరినప్పుడు రీజెన్ బ్రేకింగ్, అంటే వేగం తగ్గిస్తూ బ్యాటరీకి ఛార్జ్ తిరిగి పంపే బ్రేకింగ్, చాలా కార్లలో బలహీనంగా ఉంటుంది. బయలుదేరగానే దిగుడు రోడ్డు ఉంటే బ్రేక్ పెడల్ మీద కాలు సిద్ధంగా ఉంచండి.

6. దారిలో

డ్యాష్‌బోర్డు చూపించే కిలోమీటర్ల కంటే శాతం మీద కన్నేయండి. ఆ కిలోమీటర్లు ఇంతకుముందు మీరు నడిపిన తీరు నుంచి తీసిన అంచనా. నావిగేషన్‌లో "చేరేసరికి మిగిలే ఛార్జ్" చూపించే కారైతే ఇంకా మేలు. ఆ అంకె తగ్గుతూ పోతుంటే వెంటనే వేగం 10 తగ్గించండి. మొదటి 50 కిలోమీటర్లలో చేసిన సర్దుబాటు చివరి 20లో చేసినదాని కంటే ఎంతో పనికొస్తుంది.

స్టేషన్‌కి సుమారు అరగంట ముందు ఒకచోట ఆగి యాప్‌లో దాని పరిస్థితి చూడండి, లేదా పక్కనున్నవాళ్లని చూడమనండి. చల్లటి వాతావరణంలో బ్యాటరీని ముందే వెచ్చబెట్టే ప్రీకండిషనింగ్ ఉంటే ఆన్ చేయండి. చాలా కార్లలో కారు నావిగేషన్‌లో ఆ ఛార్జర్‌ని గమ్యంగా పెడితేనే ఇది మొదలవుతుంది, ఫోన్ మ్యాప్ పెట్టుకుంటే కారుకి తెలియదు.

7. స్టేషన్‌లో పనుల వరుస

ఈ వరుస తప్పితేనే సగం సెషన్లు ఫెయిల్ అవుతున్నాయని నా అభిప్రాయం.

1. కేబుల్ అందేలా, సాకెట్ ఉన్న వైపు ఛార్జర్‌కి దగ్గరగా పార్క్ చేయండి. ఇద్దరికి చోటున్న దగ్గర అడ్డంగా పెట్టొద్దు.
2. గన్ తీసే ముందు స్క్రీన్ చూడండి. ఫాల్ట్ చూపిస్తుంటే పక్క దానికి వెళ్లండి.
3. గన్ ముఖం చూడండి: విరిగిన పిన్ను, కాలిన నల్ల మచ్చ, నీరు, మట్టి ఉంటే వాడొద్దు.
4. కారు పార్క్‌లో పెట్టి ఆఫ్ చేయండి. షెడ్యూల్డ్ ఛార్జింగ్ టైమర్ ఆన్‌లో ఉంటే తీసేయండి.
5. సాకెట్ మూత, సీసీఎస్‌లో కింది డీసీ పిన్నుల మీద ఉండే రెండో మూత కూడా తెరవండి.
6. ఆ ఛార్జర్ చెప్పిన వరుస పాటించండి. కొన్ని ముందు గన్ పెట్టమంటాయి, కొన్ని ముందు చెల్లించమంటాయి.
7. గన్‌ని నిటారుగా, చివరిదాకా నెట్టండి. మందపాటి కేబుల్ బరువుకి గన్ వెనక భాగం కిందికి వాలి పిన్నులు వంకరగా ఆనుతాయి. లాక్ పడేదాకా పిడిని కాస్త పైకెత్తి పట్టుకోండి.
8. స్క్రీన్ మీద "కేబుల్ చెక్" అని వస్తుంది, అది ఇన్సులేషన్ పరీక్ష. తర్వాత కారు లోపల కాంటాక్టర్లు (బ్యాటరీని కలిపే పెద్ద స్విచ్‌లు) టక్కుమంటాయి, కిలోవాట్ల అంకె మెల్లగా పైకి ఎక్కుతుంది.
9. అంకె నిలకడగా ఉందని రెండు నిమిషాలు చూశాకే అక్కడి నుంచి కదలండి.

ఈ చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. మొదలైంది కదా అని టీ తాగడానికి వెళ్లి అరగంటకు వచ్చేసరికి, మొదటి నిమిషంలోనే ఆగిపోయిన సెషన్ ఎదురవుతుంది.

8. సెషన్ మొదలవకపోతే లేదా మధ్యలో ఆగిపోతే

కంగారు పడకుండా కింది వరుసలో వెళ్లండి. ప్రతి మెట్టు దగ్గరా ఒకసారి ప్రయత్నించి, కాకపోతే తర్వాతిదానికి.

యాప్ "కనెక్ట్ అవుతోంది" దగ్గరే ఆగింది: యాప్ పూర్తిగా మూసి తెరవండి, వైఫైలో ఉంటే మొబైల్ డేటాకి మారండి. ఆర్ఎఫ్ఐడీ కార్డు ఉంటే దాన్ని వాడండి. ఎంచుకున్న గన్ నంబరు, చేతిలో ఉన్న గన్ నంబరు ఒకటేనా చూడండి, ఇది నమ్మలేనంత తరచుగా జరిగే పొరపాటు.

కారుకి, ఛార్జర్‌కి మాట కలవలేదు: సెషన్ ఆపి గన్ తీయండి. కారు లాక్ చేసి రెండు మూడు నిమిషాలు వదిలేయండి, దాని కంప్యూటర్లు నిద్రపోవాలి. మళ్లీ తెరిచి, పిడి ఎత్తి పట్టుకుని మొదటి నుంచి చేయండి.

ఇన్సులేషన్ లేదా ఐసోలేషన్ ఫాల్ట్: ఎక్కువగా తేమ వల్ల వస్తుంది. వాన పడుతున్న ఒక సాయంత్రం నా సెషన్ మొదలై కొన్ని క్షణాల్లోనే పడిపోతూ ఉంది. టార్చ్ వేసి చూస్తే గన్‌లో కింది పెద్ద రంధ్రం అంచున నీటి బొట్టు మెరుస్తోంది. గన్ యథాస్థానంలో పెట్టేసి, పొడిగా ఉన్న పక్క గన్ తీసుకుంటే వెంటనే ఎక్కింది. పిన్నుల లోపల గుడ్డ గానీ, పుల్ల గానీ, వేలు గానీ పెట్టొద్దు. అన్ని ఛార్జర్ల దగ్గరా ఇదే ఫాల్ట్ వస్తే సమస్య కారులో ఉంది, సర్వీస్‌కి ఫోన్ చేయాలి.

ఎమర్జెన్సీ స్టాప్ అని చూపిస్తోంది: ఎవరో ఎర్ర బటన్ నొక్కి అలాగే వదిలేసి ఉంటారు. కాలిన వాసన, పొగ, విరిగిన కేబుల్ లాంటివి లేవని చూసుకుని హెల్ప్‌లైన్‌కి చేయండి. బటన్‌ని తిప్పి విడిపించమని వాళ్లే చెబుతారు, లేదా వాళ్ల వైపు నుంచి రీసెట్ చేస్తారు. ఫోన్ చేసేటప్పుడు ఛార్జర్ మీద ఉన్న ఐడీ నంబరు చదివి చెప్పండి.

గన్ ఊడి రావడం లేదు: ముందు సెషన్ ఆగిందా చూడండి. తర్వాత కారుని తాళంతో ఒకసారి లాక్, అన్‌లాక్ చేసి, గన్‌ని లోపలికి నెట్టి పట్టుకుని అప్పుడు లాగండి. చాలా కార్లలో సాకెట్ లాక్‌కి విడిగా ఒక తాడు లేదా లివర్ ఉంటుంది. అది ఎక్కడుందో ఇంటి దగ్గరే వెతికి పెట్టుకోండి. కరెంటు పారుతుండగా దాని జోలికి పోవద్దు.

ఒకే స్టేషన్ మీద పావుగంటకి మించి పోరాడొద్దు. ప్రత్యామ్నాయం రాసుకున్నది ఇందుకే.

9. ఎక్కుతోంది గానీ నెమ్మదిగా ఎక్కుతుంటే

ఛార్జర్‌ని తిట్టే ముందు ఈ కారణాలు చూడండి:

- ఛార్జ్ 80 దాటిందా? అక్కడి నుంచి బ్యాటరీ తనను కాపాడుకోవడానికి జోరు తగ్గిస్తుంది. చాలా కార్లలో 80 నుంచి 100కి పట్టే టైమ్, 10 నుంచి 80కి పట్టే టైమ్‌కి దగ్గరగా ఉంటుంది. తర్వాతి స్టాప్‌కి సరిపోతే 80 దగ్గర తీసేయండి.
- పక్క గన్‌లో ఇంకో కారు ఉందా? చాలా క్యాబినెట్లు, అంటే గన్‌లు తగిలించి ఉండే ఛార్జర్ పెట్టెలు, ఉన్న పవర్‌ని ఇద్దరికీ పంచుతాయి. 120 కిలోవాట్ల ఛార్జర్ ఇద్దరికి చెరి 60 కావచ్చు. వేరే క్యాబినెట్ ఖాళీగా ఉంటే అక్కడికి మారండి.
- బ్యాటరీ చల్లగా ఉందా? పది పదిహేను నిమిషాల్లో వేడెక్కి అంకె పెరగవచ్చు.
- బ్యాటరీ వేడిగా ఉందా? మండుటెండలో వేగంగా నడిపి, ఒకే రోజు వరుసగా ఫాస్ట్ ఛార్జ్ చేస్తే జోరు పడిపోతుంది. పాత తరాల నిస్సాన్ లీఫ్‌లా బ్యాటరీకి లిక్విడ్ కూలింగ్ లేని కార్లలో ఇది బాగా కనిపిస్తుంది. తర్వాతి విడతలో వేగం తగ్గించి నడపండి.

10. క్యూ ఉంటే

దిగి, ముందున్నవాళ్లతో మాట్లాడండి. "ఎంతదాకా పెట్టుకుంటున్నారు?" అని అడిగితే అసలు వెయిటింగ్ ఎంతో తెలిసిపోతుంది. క్యాబినెట్ ఒక్కటే అయితే, మీ వంతు వచ్చాక మీకు కావాల్సినంతే ఎక్కించుకుని తీసేయండి. కారు వదిలి వెళ్లాల్సి వస్తే అద్దం మీద ఫోన్ నంబరు పెట్టండి. ఎవరి గన్‌నీ వాళ్లని అడగకుండా ఆపొద్దు, తీయొద్దు.

పండగలు, వరుస సెలవుల్లో మధ్యాహ్న భోజనం వేళ స్టేషన్లు కిటకిటలాడతాయి. మీ స్టాప్‌ని ఒక గంట ముందుకో వెనక్కో జరిపితే చాలావరకు తప్పించుకోవచ్చు.

11. ఛార్జ్ అడుగంటిపోతుంటే

వేగం 60, 70కి తగ్గించి పక్క లేన్‌లో సాఫీగా వెళ్లండి. మరీ నెమ్మదిగా వెళ్లి వెనకవాళ్లకి ప్రమాదం తేవద్దు. హీటర్ ఆపేయండి, ఏసీ తగ్గించండి. డ్యాష్‌బోర్డులో సున్నా వచ్చాక కూడా కొన్ని కిలోమీటర్లు వస్తుందని వినే ఉంటారు, ఆ లెక్క మీద రోడ్డెక్కొద్దు. దగ్గరలో మామూలు ఏసీ ఛార్జింగ్ పాయింట్ ఏది ఉన్నా అటు తిప్పండి. గంటకు 7 యూనిట్లు వచ్చినా, పై ఉదాహరణలోని కారుకి అది దాదాపు 40 కిలోమీటర్లు.

ఆగిపోతే తాడు కట్టి లాగించొద్దు. చక్రాలు తిరిగితే మోటారు కరెంటు పుట్టించి లోపలి భాగాలు దెబ్బతినవచ్చు. నాలుగు చక్రాలూ పైకెక్కించే ఫ్లాట్‌బెడ్ కావాలని రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కి ముందే చెప్పండి.

12. ఇంటికి వచ్చాక

☐ ప్రతి సెషన్ బిల్లునీ యూనిట్లతో సరిచూసుకోండి. ఫెయిలైన సెషన్ల డిపాజిట్ వెనక్కి రాకపోతే స్క్రీన్‌షాట్, ఛార్జర్ ఐడీ, టైమ్ జతచేసి రాయండి
☐ హైవే ఖర్చు అంకెని కొత్త లెక్కతో మార్చుకోండి
☐ పని చేసిన, చేయని గన్‌ల నంబర్లతో యాప్‌లో చెక్-ఇన్ పెట్టండి, రెండు ముక్కలు చాలు